ఆ రోజు నేను చదివిన నల్లబోర్డు

నా చిన్నప్పుడు, ఐదో తరగతి అయిపోయిన ఎండాకాలమంతా మా అమ్మ నన్ను వెంటేసుకుని నాచారం నుంచి ఉప్పల్ దాకా ఉన్న హైస్కూళ్లన్నీ తిరిగింది. ఆ తిరుగుడు గురించి నేనెప్పుడూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మా ఆయనకు సగం చెప్పి ఆపేశాను. ఇప్పుడు మా అమ్మాయి ఐదో తరగతి పాసైంది. దానికి ఏ బడి బాగుంటుందని ఇంట్లో రోజూ మాటలు నడుస్తున్నాయి. అందరూ మాట్లాడుతుంటే నేను మాత్రం లేచి వంటింట్లోకి పోతున్నాను. ఎందుకు పోతున్నానో రాసుకుంటేనైనా మనసు కాస్త తేలిక పడుతుందేమో.

మా ఇల్లు నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో ఉండేది. రెండు గదులు, ముందు ఒక నల్లా. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మది భువనగిరి దగ్గర పల్లె. ఏడో తరగతి దాకా చదివింది. మందుల కంపెనీలో పని చేసేది. సూది మందు సీసాల్లో నలుసు ఉందా, వెంట్రుక ఉందా, గాజు పొక్కు ఉందా అని చూడడం ఆమె పని. ట్యూబులైటు ముందు కూర్చుని ఒక్కో సీసాను ముందు నల్ల పలకకు, తర్వాత తెల్ల పలకకు అడ్డంగా పెట్టి తిప్పి చూడాలి. తెల్ల నలుసు నల్ల పలక ముందు బయటపడుతుంది, నల్ల నలుసు తెల్ల పలక ముందు బయటపడుతుంది. ఈ సంగతి నాకు నాలుగేళ్లకే తెలుసు. ఎందుకంటే ఇంట్లో కూడా అమ్మ తీరు అంతే. బియ్యంలో రాయి, నా తలలో పేను, పాల మీద చీమ, ఏదీ ఆమె కంటపడకుండా పోయేది కాదు. వాడకట్టంతా ఆమె చూపును మెచ్చుకునేది. అమ్మకు దాని మీద కొంచెం గర్వం కూడా ఉండేది.

నేను ఐదో తరగతిలో ఉండగా అమ్మ ఒక ఆట మొదలుపెట్టింది. బయటికి పోతే చాలు, కనబడిన ప్రతి బోర్డూ నాచేత చదివించేది. దుకాణం పేరు, బస్సు నంబరు, గోడ మీద రాతలు, కరెంటు బిల్లు, అన్నీ నేనే చదవాలి. "నువ్వు సదువుకునే పిల్లవు గదా. సదువు బిడ్డా, ఏం రాసిన్రో" అనేది. సరిగ్గా చదివితే చేతిసంచిలోంచి బెల్లం పాకం పట్టిన పల్లీ పట్టి ముక్క ఒకటి తీసి ఇచ్చేది. తప్పు చదివితే లేదు. నేను మహా తిండిపోతును. పల్లీ పట్టి కోసం బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి మరీ బోర్డులు చదివేదాన్ని. అదే ఏడు బియ్యం ఏరే పని కూడా నాకు అప్పజెప్పింది. "నేర్సుకోవాలె" అంది. అమ్మ నన్ను పరీక్షిస్తోందనుకున్నాను. పరీక్షలో గెలుస్తున్నాననుకుని లోలోపల పొంగిపోయేదాన్ని.

మా సందులోని బడి ఐదు దాకే. ఆరుకు ఎక్కడికో పోవాలి. అమ్మ సెలవు దొరికినప్పుడల్లా నన్ను తీసుకుని బయలుదేరేది. బడి ఎంచడంలో ఆమె పద్ధతి వేరు. ఆఫీసు గదిలో రంగు కాగితాలు చూపించే సార్ల మాట వినేదే కాదు. ముందు ఆడపిల్లల బాత్‌రూముల దగ్గరికి పోయి గాలి పీల్చేది. నల్లా తిప్పి చేయి పెట్టేది. క్లాసులోకి పోయి బెంచీ అంచు మీద వేళ్లు నడిపించేది, మేకులు తేలి ఉన్నాయా అని. ఆ తర్వాత వరండాలో కళ్లు మూసుకుని కాసేపు నిలబడి, ఎండాకాలం క్లాసుల్లో టీచర్లు పిల్లలతో ఏ గొంతుతో మాట్లాడుతున్నారో వినేది. ఒక బడిలో అలా నిలబడి, "ఈడ మస్తు భయపెడ్తున్నరు" అని నా చేయి పట్టుకుని బయటికి వచ్చేసింది. సీసాలు చూసినట్టే బడులూ చూస్తోందని నేను నవ్వుకున్నాను. కానీ అందులో చూడడం ఎక్కడా లేదు. వాసన ఉంది, తాకడం ఉంది, వినడం ఉంది. పదేళ్ల పిల్లను, నాకది తట్టలేదు.

చివరికి అమ్మకు నచ్చింది ఉప్పల్‌లో లోపలికి ఉన్న ఒక ఆడపిల్లల బడి. పాత కట్టడం, వరుసగా వేపచెట్లు, గేటు పక్కన గోడకు ఒక నల్లబోర్డు. ఆ బడికి బస్సు లేదు, టై లేదు. ఆరో తరగతిలో కొద్దిమందినే తీసుకుంటారని పేరు. అమ్మకు ఆ బడి మీద మనసు పడడానికి ఒక కారణం ఉంది. నేను పుట్టకముందు, కంపెనీలో కొత్తగా చేరిన రోజుల్లో, ఆమె ఎక్కే బస్సులో ఆ బడి పిల్లలు ఎక్కేవారట. సీటు దొరక్కపోయినా, పైన కడ్డీని ఒక చేత్తో పట్టుకుని రెండో చేతిలో పుస్తకం విప్పి చదువుకునేవారట. "నిలబడి గూడ సదువుతుండె. బస్సు ఎంత ఊగినా పుస్తకం ఇడువకపోతుండె" అని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. తనకు ఆడపిల్ల పుడితే అక్కడే వేస్తానని అప్పుడే అనుకుందట.

నా మనసు మాత్రం వేరే చోట ఉంది. పక్కింటి అక్కవాళ్లు కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. ఆమె కూతురు నా ఈడుదే, నా ప్రాణ స్నేహితురాలు. వాళ్లు దాన్ని రోడ్డు మీద కొత్తగా వెలిసిన ఇంగ్లీషు మీడియం బడిలో వేస్తున్నారు. దానికి పసుపుపచ్చ బస్సు ఉంది, సరిగ్గా మా సందు చివరే ఆగుతుంది. కిటికీ సీటు నాకిస్తానని స్నేహితురాలు ఒట్టు కూడా వేసింది. పక్కింటి అక్క అమ్మతో, "ఇద్దరూ కలిసి వెళ్లొస్తారు కదండీ, మీకూ నిశ్చింత" అంది. అమ్మ నవ్వి ఊరుకుంది. నాకు ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండింది.

మే నెల చివర్లో ఒక రోజు అమ్మ ఒక్క పూట సెలవు పెట్టింది. వేపచెట్ల బడిలో దరఖాస్తులు ఇస్తున్నారని ఎవరో చెప్పారట. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు దిగి నడిచాం. ఎండ నెత్తి మీద ఉంది. అమ్మ నా భుజం మీద చేయి వేసి నడుస్తోంది, నేను ఆ చేయి విదిలించుకుంటున్నాను. బడికి చేరేసరికి ఒంటిగంట దాటింది. అది భోజనాల వేళ. గేటు ఓరగా వేసి ఉంది, కాపలా మనిషి కుర్చీ ఖాళీగా ఉంది. లోపల ఎక్కడో ఆఫీసువాళ్ల టిఫిన్ డబ్బాల చప్పుడు వినబడుతోంది. గేటు పక్క నల్లబోర్డు మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి. తెలుగులోనే, ఒక్కో అక్షరం నా అరచేయంత ఉంది.

"సదువు బిడ్డా" అంది అమ్మ.

నేను చదివాను. ముందు మనసులో చదివాను. ఆ తర్వాత పైకి, "ఆరో తరగతి సీట్లు నిండిపోయినవి. దరఖాస్తులు ఇవ్వబడవు" అన్నాను. ఎందుకన్నానో చెప్పాలంటే, పసుపు బస్సు కోసం అన్నాను. అంతకంటే గొప్ప కారణం లేదు. అయితే ఆ అబద్ధం నిలబడుతుందని నేనేమీ అనుకోలేదు. అంతంత అక్షరాలు ఎదురుగా ఉంటే ఎవరు నమ్ముతారు? అమ్మ నెత్తిన ఒకటి మొడుతుందని, నేను ఏడుస్తానని, ఆ ఏడుపులో పసుపు బస్సు గురించి గట్టిగా అడగవచ్చని లెక్క వేసుకున్నాను. మెడ లోపలికి ముడుచుకుని మొట్టికాయ కోసం ఎదురుచూశాను.

అమ్మ బోర్డుకు ఇంకో అడుగు దగ్గరగా జరిగింది. ముఖం పైకెత్తి, అక్షరాల వెంట తల నెమ్మదిగా ఎడమ నుంచి కుడికి తిప్పింది. మళ్లీ ఎడమ నుంచి కుడికి తిప్పింది. ఆ తర్వాత అంది.

"ఔ. గట్లనే రాసిన్రు. నేనే జర ఆల్శెం జేసిన."

మొట్టికాయ పడలేదు. అమ్మకు కనబడడం లేదు. ఒక్క క్షణంలో ఆ ఏడాదంతా తలకిందులైంది. బియ్యం, బస్సు నంబర్లు, కరెంటు బిల్లు, వరండాలో మూసుకున్న కళ్లు, నా భుజం మీద చేయి, అన్నీ వాటంతటవే ఒక చోటికి వచ్చి చేరాయి. అమ్మ నాకు పరీక్షలు పెట్టలేదు. నా కళ్లతో చూసుకుంటోంది.

తిరిగి నడిచాం. ఈసారి ఆమె చేయి నేను విదిలించలేదు. పది అడుగులు పోయాక అమ్మ ఆగి, చేతిసంచిలో తడుముకుని పల్లీ పట్టి ముక్క తీసి నాకిచ్చింది. "తడబడకుంట సదివినవ్" అంది. ఆమె గొంతు మామూలుగానే ఉంది. నేను తినలేకపోయాను. గౌను జేబులో పెట్టుకున్నాను. ఎండకు బెల్లం కరిగి జేబుకు అంటుకుపోయింది.

ఇంకా వేళ మించిపోలేదు. ఆఫీసు మళ్లీ తెరుస్తారు. నేను నోరు విప్పితే చాలు, అమ్మ కోరుకున్న బడి దొరికే దారి ఉంది. ఆ సంగతి నాకు అడుగడుగునా తెలుసు. బస్సు స్టాపులో నిలబడి మూడుసార్లు మాట గొంతు దాకా వచ్చింది. కానీ, బోర్డు మీద అలా లేదమ్మా అని చెబితే, నీకు కనబడదని నాకు తెలిసిపోయిందమ్మా అని కూడా చెప్పినట్టే. అమ్మ అంత కష్టపడి దాచుకున్నదాన్ని నడిరోడ్డు మీద ఎలా విప్పను? అమ్మ కోసమే ఊరుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. తిట్లకు భయపడ్డాను, పసుపు బస్సు మీద ఆశ చావలేదు, అదీ నిజమే. మా బస్సు వచ్చింది. నంబరు చదివి చెప్పాను. ఇద్దరం ఎక్కాం.

జూన్‌లో నేను పసుపు బస్సు ఎక్కాను. స్నేహితురాలు మాట తప్పకుండా కిటికీ సీటు ఇచ్చింది. ఆ బడిని చెడ్డదని అనను. దుకాణాల మీద రెండో అంతస్తులో నాలుగు గదులు. ఆడుకునే జాగా లేదు, పాఠాలు చెప్పేవాళ్లు మూడు నెలలకొకరు మారేవారు. మంచి టీచర్లు కూడా కొందరు వచ్చారు, ఉండలేక పోయారు. అక్కడ పుస్తకాల గది లేదు. బస్సు ఊగుతుంటే నేనెప్పుడూ పుస్తకం తెరవలేదు.

ఆ చలికాలంలో అమ్మ కంపెనీ మెట్ల మీద పడిపోయింది. అప్పుడు అన్నీ బయటికి వచ్చాయి. కంపెనీ వాళ్లు ఏటా కళ్లు పరీక్షిస్తారు. అందులో తప్పడంతో ఆమెను ఎప్పుడో సీసాల దగ్గర నుంచి తీసి అట్టపెట్టెలు మడిచే పనిలో వేశారు. ఇంట్లో చెప్పలేదు. పక్కింటి అక్క తోడు వచ్చి కంటి దవాఖానాకు తీసుకుపోయింది. షుగరు కంటి లోపలికి పోయిందన్నారు. కొన్ని నెలల ముందు వచ్చి ఉంటే ఎంతో కొంత చూపు నిలబెట్టేవాళ్లమని డాక్టరమ్మ అంది. నేను బల్ల కింద కాళ్లు ఊపుతూ కూర్చుని ఉన్నాను. ఆ మాట విన్నాక కాళ్లు ఊపడం ఆపేశాను. ఆ ఎండాకాలం రోజునే నేను పక్కింటి అక్కకు చెప్పి ఉంటే అన్న మాట, ఇప్పుడు రాస్తుంటే కూడా నన్ను వదలడం లేదు.

రెండేళ్లకు అమ్మకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ మిగల్లేదు. కంపెనీ మానేసింది. పక్కింటి అక్క పాకం పడితే, అమ్మ పల్లీలు వేయించి, పొట్టు నలిపి తీసి, పట్టీలు కోసేది. చుట్టుపక్కల దుకాణాలకు వేసేవాళ్లు. ఆమె వేళ్లకు కుళ్లిన పల్లీ ఒక్కటి కూడా తప్పిపోయేది కాదు. నేను రోజూ బడి నుంచి వచ్చి పేపరు చదివి వినిపించేదాన్ని. ఒక్క మాట కూడా మార్చకుండా చదివేదాన్ని. చావు వార్తలైనా, సంతాప ప్రకటనలైనా, చివరి అక్షరం దాకా చదివేదాన్ని. "గింత పట్టుగ సదువుతవేందే, జర ఇడిసిపెట్టు" అని అమ్మే నవ్వేది. నేను విడిచిపెట్టేదాన్ని కాదు.

రాష్ట్రం వచ్చిన ఏడు నేను డిగ్రీలో ఉన్నాను. బోర్డుల మీద పేర్లు మారుతున్నాయని అమ్మకు ఒకటే సంబరం. ఒక సాయంత్రం, "జర ఉప్పల్ దాక నడుద్దాం, కొత్త బోర్డులు సదివి సెప్పు" అంది. చేయి పట్టుకుని తీసుకుపోయాను. ఆఫీసుల మీద, బ్యాంకుల మీద తెలంగాణ అని, బండ్ల నంబర్ల మీద టీఎస్ అని ఉన్న చోటల్లా చదివాను. అమ్మ ప్రతిసారీ తల ఊపి, ఇంకొకటి సదువు అనేది. అలా నడుస్తూ నడుస్తూ నాకు తెలియకుండానే వేపచెట్ల బడి దారి పట్టాం. నాకు తెలియదు గాని ఆమెకు తెలిసింది. వేపపండ్ల వాసనకు ఆగిపోయింది.

"గా బడే గదా?"

అవునన్నాను. ఆమె చేయి చాపి గోడను తడుముకుంటూ పోయి నల్లబోర్డు మీద అరచేయి ఆనించింది. ఆ రోజు బోర్డు మీద ఏమీ రాసిలేదు.

"నేను ఆ దినం గేటు తీసి లోపటికి పోయి అడిగితే అయిపోతుండె" అంది అమ్మ. "అడిగితే, బోర్డు మీద ఉన్నది గదమ్మా అంటరు. నాకు కనవడుతలేదని నీ ముంగట సెప్పాలె. సెప్తే నువ్వు సదువు ఇడిసిపెట్టి నా చెయ్యి పట్టుకుంటవని భయపడ్డ. నా బిడ్డ బడి నేనే పోగొట్టిన. గిన్నేండ్లు గదే మనసుల ఉన్నది."

నేను మోసిన బరువే ఆమె కూడా మోసిందని అప్పుడు తెలిసింది. నాది నేను చేసిన తప్పు. ఆమెది అసలు ఆమె తప్పే కాదు. తొమ్మిదేళ్లు నేను మూసుకుని కూర్చున్న నోరు, ఆ తప్పును తీసుకుపోయి ఆమె నెత్తిన పెట్టింది. నేను ఖాళీ బోర్డు ఎదుట నిలబడ్డాను. ఆ అక్షరాలు ఒక్కటి కూడా మరిచిపోలేదు. అమ్మ చేయి పట్టుకుని, పదేళ్ల పిల్లలాగే కూడబలుక్కుంటూ చదివాను.

"ఆరో తరగతి ప్రవేశములు. దరఖాస్తులు ఈ రోజు సాయంత్రం నాలుగు గంటల వరకు ఇవ్వబడును. తల్లి గాని, తండ్రి గాని పిల్లతో కలిసి రావలెను."

అమ్మ కదల్లేదు. గోడ మీది చేయి తీయలేదు.  నేను ఏడుస్తున్నాను, అది ఆమెకు వినబడుతూనే ఉంది. ఆ తర్వాత చేతిసంచి ముందుకు లాక్కుని, అడుగున తడుముకుని, కాగితంలో చుట్టిన పల్లీ పట్టి ముక్క ఒకటి తీసింది. నా అరచేయి వెతుక్కుని అందులో పెట్టి, వేళ్లు మూసింది.

"గిప్పుడు సరిగ్గ సదివినవ్" అంది. అంతే. దాని మీద ఇంకొక్క మాట అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాత బతికిన నాలుగేళ్లూ.

క్షమించిందా అని నన్ను నేనే చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. క్షమించే ఉంటుంది, అమ్మ కాబట్టి. కానీ ఆ సాయంత్రం తిరిగి వస్తున్నప్పుడు ఆమె నడక నెమ్మదైంది. మధ్యలో ఒకచోట ఆగి, బస్సులో నిలబడి చదువుకునే ఆ పిల్లల సంగతి మళ్లీ ఒకసారి చెప్పబోయి, సగంలో ఆపేసింది. ఆ సగంలో ఆగిన మాట నాతోనే ఉంది.

ఇప్పుడు నేను ఒక సర్కారు దవాఖానాలో చీటీలు రాసే కౌంటరులో పని చేస్తున్నాను. ముసలివాళ్లు కాగితం తెచ్చి అద్దం కిటికీలోంచి లోపలికి తోసి, "ఏం రాసిన్రు బిడ్డా" అని అడుగుతారు. వెనక వరుస ఎంత పొడుగున్నా, ఎవరు విసుక్కున్నా, నేను ఆ కాగితం పైనుంచి కింది దాకా చదివి వినిపిస్తాను. చదువుతున్నంతసేపు ఆ పెద్దమనిషి ముఖంలోకి చూస్తాను. నా మాట తప్ప వాళ్లకు వేరే కన్ను లేదని నాకు తెలుసు. రేపు సోమవారం మా అమ్మాయిని తీసుకుని ఉప్పల్ పోతున్నాను. గేటు పక్క బోర్డు దాన్నే చదవమంటాను. సంచిలో పల్లీ పట్టి పెట్టుకున్నాను.